పండ్ల రైతు పట్టీలో కోతలు, ఎగుమతిదారు బిల్లులో పన్నులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షికంతా పండ్ల తోటలకే కేటాయించాం. నూజివీడు, ఆగిరిపల్లి మామిడి రైతులు, కొల్లిపర వైపు అరటి రైతులు, విజయవాడలో కొత్తగా ఎగుమతి మొదలుపెట్టినవారు రాసిన ఉత్తరాల్లో ఒకే అనుమానం మళ్లీ మళ్లీ కనిపించింది. ప్రభుత్వం పేరు చెప్పి కోసుకుంటున్న డబ్బు నిజంగా ప్రభుత్వానికే పోతోందా? చాలాసార్లు పోవడం లేదు. ఎక్కడ పోతోందో, ఎక్కడ పోవడం లేదో ఒక్కో ఉత్తరం పట్టుకుని చూద్దాం.

ప్రశ్న: అయ్యా, మా ఊరికి దగ్గర్లోని ఒక మార్కెట్‌కి బంగినపల్లి కాయ 120 ట్రేలు వేశాను. చేతికిచ్చిన పట్టీ (అమ్మకం లెక్క కాగితం) ఇలా ఉంది. తూకం 2,400 కిలోలు, తరుగు 120 కిలోలు, నికరం 2,280 కిలోలు. కిలో 25 రూపాయల చొప్పున 57,000. అందులోంచి కమీషన్ 8 శాతం 4,560, మార్కెట్ ఫీజు 570, కమీషన్ మీద జీఎస్టీ 228, హమాలీ 720, ఆశీలు 100. చేతికొచ్చింది 50,822. ఇదేమని అడిగితే ‘అంతా గవర్నమెంటు రూలే’ అన్నారు. ఇందులో ఏది రూలు? (మామిడి రైతు, ఆగిరిపల్లి మండలం)

జవాబు: పట్టీని వరసలవారీగా చూద్దాం.

మార్కెట్ ఫీజు 570 రూపాయలు. ఇది ప్రభుత్వ రుసుమే. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద వ్యవసాయ మార్కెట్ కమిటీ వసూలు చేస్తుంది, వాడుకలో ఉన్న రేటు నూటికి ఒక రూపాయి. కానీ చట్టం ఆ రుసుమును కొన్నవాడి మీద వేసింది, అమ్మిన రైతు మీద కాదు. కొన్నవాడెవరో తేలనప్పుడే అది అమ్మినవాడి మీదకు వస్తుంది. మీ సరుకు వేలంలోనో బేరంలోనో ఒక వ్యాపారి కొన్నాడు కాబట్టి ఈ 570 అతను కట్టవలసింది. పట్టీ మీద కొన్నవాడి పేరు రాయకుండా వదిలేయడం వల్లే ఈ భారం చడీచప్పుడు లేకుండా రైతు వైపు జరిగిపోతోంది. పైగా ప్రభుత్వం అప్పుడప్పుడు జీవో ఇచ్చి కొన్ని సరుకులకు ఈ ఫీజు మినహాయిస్తుంటుంది. సీజను మొదట్లోనే మీ మార్కెట్ కమిటీ కార్యదర్శి దగ్గరకు వెళ్లి, పండ్ల మీద ప్రస్తుతం అమల్లో ఉన్న జీవో ప్రతి అడిగి తెచ్చుకోండి. జేబులో ఆ కాగితం ఉంటే గేటు దగ్గర వాదన అక్కర్లేదు.

జీఎస్టీ 228 రూపాయలు. ఇది అసలు లేని పన్ను. తాజా పండ్ల మీద జీఎస్టీ లేదు. వ్యవసాయ ఉత్పత్తిని అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు సేవ మీద కూడా లేదు. ఎక్కించడం, దించడం, ప్యాక్ చేయడం, నిల్వ ఉంచడం కూడా మినహాయింపులోనే ఉన్నాయి. మాగబెట్టడం, మైనం పూత, ముందస్తుగా చల్లబరచడం, చిల్లర ప్యాకింగుకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి పట్టీలో జీఎస్టీ అన్న వరస కనిపిస్తే అక్కడికక్కడే పేరు, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు అడగండి. బిల్లు రాదు, 228 తిరిగొస్తుంది.

ఆశీలు 100 రూపాయలు. పంచాయతీగానీ మున్సిపాలిటీగానీ వేలం వేసి కాంట్రాక్టరుకిచ్చిన హక్కు ఇది. రేట్ల బోర్డు కనపడేలా పెట్టాలి, అచ్చు రసీదు ఇవ్వాలి. రెండూ లేనప్పుడు ఆ స్థానిక సంస్థ కార్యాలయంలోనే అడగాలి, గేటు దగ్గర మనిషితో గొడవపడి లాభం లేదు.

హమాలీ, కమీషన్ పన్నులు కావు. బండి నుంచి దించే కూలి మామూలుగా రైతుది, కొన్న సరుకు ఎక్కించే కూలి కొన్నవాడిది. రెండూ కలిపి మీ పట్టీలో వేశారేమో చూసుకోండి. కమీషన్ ఎంత తీసుకోవచ్చో యార్డు ఆఫీసులో కనుక్కుని, మీ ఏజెంటు నోటిమాటతో సరిపోల్చుకోండి.

ఇక అసలు నష్టం తరుగులో ఉంది. 120 కిలోలు, కిలో 25 చొప్పున 3,000 రూపాయలు. ప్రభుత్వం పేరున ఉన్న మూడు వరసలూ కలిపితే 898 రూపాయలే. అంటే రైతు కోపమంతా మార్కెట్ ఫీజు మీద ఉంటోంది, డబ్బు మాత్రం తరుగులో పోతోంది. కొన్నిచోట్ల దీన్నే సూటు అంటారు. నియమావళిలో లేని ఏ తగ్గింపునూ రైతు దగ్గర కోయడానికి మార్కెట్ చట్టం ఒప్పుకోదు. ‘కాయ సొన కారి బరువు తగ్గుతుంది, దెబ్బ కాయ ఉంటుంది’ అని వ్యాపారి చెప్పే కారణంలో కొంత నిజముంది. దానికి మందు టన్నుకు 50 కిలోలు గుండుగుత్తగా కోసేయడం కాదు. దెబ్బ కాయ, మచ్చ కాయ వేరు చేసి, విడిగా తూచి, తక్కువ ధర కట్టాలి. తోటలోనే ఆ పని మీరు చేసి తీసుకెళితే తరుగు మీద బేరమాడే బలం మీకొస్తుంది.

ట్రే బరువు దగ్గరా జాగ్రత్త. ఖాళీ ట్రేకి ఇంత అని నోటిలెక్కన తీసేస్తారు. ట్రేకి 300 గ్రాములు ఎక్కువ పట్టినా 120 ట్రేలకు 36 కిలోలు, అంటే 900 రూపాయలు. మీ మొత్తం మార్కెట్ ఫీజు కన్నా ఇదే ఎక్కువ. కాటా ఎక్కించేముందు పది ఖాళీ ట్రేలు ఒకేసారి తూయించి, పదితో భాగించి, ఆ సగటు పట్టీ మీద రాయించండి. తడిసిన ట్రేలు, అడుగున బురద అంటిన ట్రేలు ఆ పదిలో కలవకుండా చూడండి.

ఫిర్యాదు చేయాలంటే పట్టీ మీద ఏజెంటు లైసెన్సు నంబరు, మొత్తం తూకం, ఒక్కో కోత విడివిడిగా, ధర, కొన్నవాడి పేరు ఉండాలి. తెల్లకాగితం మీద నికర మొత్తం ఒక్కటే రాసిస్తే తీసుకోకండి. పట్టీ నకలు జతచేసి మార్కెట్ కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అక్కడ కదలిక లేకపోతే జిల్లాలోని మార్కెటింగ్ శాఖ అధికారికి పంపండి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఇచ్చింది కమిటీయే, ఆపగలిగేదీ కమిటీయే. అందుకే రాతలో ఇచ్చిన ఫిర్యాదుకు విలువ.

ప్రశ్న: సొంత తోటలో కాయ కోసుకుని హైదరాబాద్ బాటసింగారం మార్కెట్‌కి వ్యానులో పంపితే దారిలో మార్కెట్ కమిటీ చెక్‌పోస్టులో ఆపి ఫీజు కట్టమన్నారు. ఇక్కడ అమ్మనేలేదు కదా, ఎందుకు కట్టాలి? ఈ-వే బిల్లు కూడా అడిగారు. (రైతు, రెడ్డిగూడెం)

జవాబు: అమ్మకపోతే కట్టక్కర్లేదు. అయితే అమ్మలేదని చూపించవలసింది మీరే. మార్కెట్ కమిటీ పరిధిగా నోటిఫై చేసిన ప్రాంతం దాటి బయటికి పోతున్న సరుకు అక్కడే అమ్ముడైందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చూపితే ఆ ఊహ పోతుంది. డ్రైవరు ‘రైతు సరుకండీ’ అంటే అది రుజువు కాదు.

అందుకని బండితో పాటు ఒక కవరు పంపండి. పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) మీ తోట నమోదైన కాగితం, మీ సంతకంతో ఒక ప్రకటన. ఆ ప్రకటనలో సర్వే నంబరు, రకం, ట్రేల సంఖ్య, సుమారు బరువు, బండి నంబరు, ఏ మార్కెట్‌లో ఏ ఏజెంటు దగ్గరకు పోతోందో, తేదీ ఉండాలి. కౌలు రైతైతే పాసుపుస్తకం బదులు పంట సాగుదారు హక్కు పత్రం పెట్టాలి. ఇది లేని కౌలు రైతులే చెక్‌పోస్టుల్లో ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు. తోట యజమాని పేరున కాగితాలు, బండిలో వేరే మనిషి సరుకు ఉంటే దాన్ని అమ్మకం కిందే లెక్కగడతారు. ఎక్కడైనా ఫీజు కట్టవలసి వస్తే అచ్చు రసీదు తీసుకుని సరుకు దిగేదాకా బండిలోనే ఉంచండి.

ఈ-వే బిల్లు, అంటే సరుకు బండికి జీఎస్టీ పోర్టల్లో తీసే రవాణా పత్రం, తాజా పండ్లకు అవసరం లేదు. జీఎస్టీ లేని సరుకుల జాబితాలో ఉన్నవాటికి విలువ ఎంతైనా అది అడగకూడదు. వ్యవసాయ ఉత్పత్తిని మోసే లారీ కిరాయి మీదా జీఎస్టీ లేదు.

ప్రశ్న: మాది కొల్లిపర దగ్గర లంక. అరటికి నీళ్లన్నీ సొంత బోరు నుంచే. అయినా నీటి తీరువా డిమాండు వచ్చింది. (అరటి రైతు)

జవాబు: నీటి తీరువా 1988 చట్టం కింద ప్రభుత్వ నీటివనరు వాడుకున్న భూమి మీదే వేస్తారు. ఏడాది పొడవునా ఉండే దుఫసలు పంటకు ఎకరాకు ఫసలీకి (రెవెన్యూ లెక్కల ఏడాదికి) 350 రూపాయలు. బోరు రైతుకు డిమాండు రావడానికి మామూలు కారణం, కాలువ ఆయకట్టు జాబితాలో ఆ సర్వే నంబరు ఉండిపోవడం. ఈ-క్రాప్‌లో నీటి ఆధారం దగ్గర ‘బోరు’ అని నమోదైందో లేదో ముందు చూడండి. తర్వాత కరెంటు సర్వీసు నంబరు బిల్లు జతచేసి తహసీల్దారుకు అర్జీ పెట్టండి. కాలువ పిల్లకాలువ మీ గట్టు పక్కనే పోతుంటే స్థలం చూసి రాయమని అడగాలి. ఈ ఏడాది ఊరుకుంటే వచ్చే ఏడాది బకాయిగా కలిసి వస్తుంది.

ప్రశ్న: నాకు విస్సన్నపేట వైపు తోట ఉంది. పూత మీదే ఒక వ్యాపారికి 6 లక్షలకు కాపు ఇచ్చేశాను. నాలుగు విడతల్లో, విడతకు లక్షా 50 వేల చొప్పున నగదుగా ఇస్తానన్నాడు. 2 లక్షల లోపే కాబట్టి ఇబ్బంది లేదన్నాడు. అతను కూడా తన లాభం వ్యవసాయ ఆదాయమేనంటున్నాడు. (పేరు వద్దన్నారు)

జవాబు: రెండు మాటలూ తప్పే. ముందు మీకు ప్రమాదమైనది చెబుతాం. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో గానీ, ఒక లావాదేవీ కింద గానీ, ఒక సందర్భంలో గానీ 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. 6 లక్షల కాపు ఒకే బేరం, ఒకే లావాదేవీ. దాన్ని నాలుగు ముక్కలు చేసినా, పది ముక్కలు చేసినా లావాదేవీ మొత్తం 6 లక్షలే. జరిమానా పుచ్చుకున్నవాడి మీద పడుతుంది, అదీ పుచ్చుకున్న మొత్తానికి సమానంగా. మీరు రైతు కావడం, మీ ఆదాయానికి పన్ను లేకపోవడం ఇక్కడ అక్కరకు రావు. వ్యాపారికి నష్టం లేని సలహా ఇది, నష్టమంతా మీదే. ఇప్పుడే అగ్రిమెంటు కాగితంలో బ్యాంకు ఖాతా నంబరు రాసి, విడతలన్నీ ఖాతాకే వేయమనండి.

ఆదాయం సంగతి. చెట్టు పెంచి, ఎరువేసి, నీరు పెట్టి కాపు తెచ్చింది మీరు. చెట్టు మీదున్న కాయను అమ్మినా అది మీకు వ్యవసాయ ఆదాయమే. ఆ కాపు కొని, కాపలా పెట్టి, కోసి అమ్ముకున్నవాడికి వచ్చేది వ్యాపార లాభం. సాగు చేయకుండా నిలబడిన పంట కొన్నవాడికి వ్యవసాయ మినహాయింపు రాదు. జీఎస్టీలో కూడా అతను ‘వ్యవసాయదారు’ కాడు, కానీ అమ్మేది తాజా పండే కనుక పన్ను పడదు, అదొక్కటే తేడా. అతను తన లెక్కల్లో మీకిచ్చిన సొమ్ము చూపాలంటే అతనికీ బ్యాంకు చెల్లింపే క్షేమం.

కొంతమంది తోట పూర్తిగా రెండు, మూడేళ్లకు కౌలుకిచ్చేస్తారు. మందులు, దున్నకం, నీళ్లు అన్నీ కౌలుదారే చూసుకుంటే అతని ఆదాయం వ్యవసాయ ఆదాయమవుతుంది. అలాంటప్పుడు కాగితం మీద ‘కాపు అమ్మకం’ అని రాసుకుంటే అతనికి అన్యాయం జరుగుతుంది. జరిగిన పనికి తగ్గట్టు రాసుకోండి.

ప్రశ్న: విజయవాడలో నాకు చిన్న ఎగుమతి సంస్థ ఉంది. మామిడి, నిమ్మ విమానంలో గల్ఫ్‌కి పంపుతున్నాను. తాజా పండుకి జీఎస్టీ లేదు కాబట్టి రిజిస్ట్రేషనే అక్కర్లేదని మా లెక్కలు రాసేవారు అన్నారు. కానీ పెట్టెలకి, విమాన కిరాయికి, క్లియరింగ్ ఏజెంటుకి జీఎస్టీ కడుతూనే ఉన్నాను. అది పోయినట్టేనా? అలాగే ఏజెంటు ‘ఏపీడా (వ్యవసాయ ఎగుమతుల కేంద్ర సంస్థ) సెస్ అర శాతం’ అని బిల్లులో వేశాడు.

జవాబు: చివరి మాట నుంచి మొదలుపెడదాం. వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతి మీద 1985 చట్టంతో ఒక సెస్ ఉండేది. 2006లో సెస్ చట్టాలను రద్దు చేస్తూ పార్లమెంటు చేసిన చట్టంతో అది పోయింది. తాజా పండ్ల మీద ఎగుమతి సుంకం కూడా లేదు. ఉల్లి మీద 2023 ఆగస్టులో 40 శాతం సుంకం వేసి, 2024లో 20కి దించి, 2025 ఏప్రిల్ 1 నుంచి తీసేసిన సంగతి చూసి పండ్లకూ ఉందనుకునేవారున్నారు. లేదు. ఏపీడాకు కట్టేది సభ్యత్వ నమోదు రుసుం మాత్రమే, ఐదేళ్లకు 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీతో 5,900 రూపాయలు. ఎగుమతి కోడ్‌కు 500 రూపాయలు. ఆ కోడ్‌ను ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వెబ్‌సైట్లో సరిచూసి నిర్ధారించాలి, వివరాలేవీ మారకపోయినా సరే. మరిచిపోతే కోడ్ నిలిచిపోతుంది, సరుకు విమానాశ్రయంలో ఉండగా ఆ సంగతి తెలుస్తుంది. మామిడికి అంతకన్నా నష్టమేముంటుంది?

ఇక మీరు కట్టిన జీఎస్టీ. రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట చట్టప్రకారం నిజమే, జీఎస్టీ లేని సరుకు మాత్రమే అమ్మేవారికి అది తప్పనిసరి కాదు. కానీ ఆ సలహా మీ జేబుకు చిల్లు. జీఎస్టీ లేని పండైనా సరే, దేశం దాటితే అది ‘జీరో రేటెడ్’ (సున్నా పన్ను) సరఫరా. దానికోసం మీరు కట్టిన పన్నంతా వాపసు అడగొచ్చు. అడగాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, బిల్లులన్నీ మీ జీఎస్టీ నంబరు మీద ఉండాలి.

లెక్క చూడండి. మూడు నెలల్లో 40 లక్షల ఎఫ్ఓబీ విలువకు (విమానం ఎక్కించేదాకా ఉన్న సరుకు విలువ) ఎగుమతి చేశారు, 10 లక్షల పండు ఇక్కడే కేదారేశ్వరపేట మార్కెట్లో అమ్మారు అనుకుందాం. అట్టపెట్టెలు 3 లక్షలు, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం కాబట్టి పన్ను 15,000. విమాన కిరాయి 12 లక్షలు, 18 శాతం, పన్ను 2,16,000. క్లియరింగ్ 50,000 మీద 9,000. మొత్తం 2,40,000. విమాన కిరాయి మీద ఎగుమతిదారులకున్న మినహాయింపు 2022 సెప్టెంబరు 30తో ముగిసింది, అప్పటి నుంచే ఈ వాపసు ఇంత పెద్ద మొత్తమైంది. ఓడలో పంపితే కిరాయి మీద 5 శాతమే.

ఇందులో కిరాయి, క్లియరింగ్ పూర్తిగా ఎగుమతివే. పెట్టెలు రెండింటికీ వాడారు, అమ్మకాల్లో ఐదో వంతు దేశీయం కాబట్టి 15,000లో 3,000 వదులుకోవాలి. మిగిలిన 2,37,000 వాపసుకు అర్హం. సూత్రంలో ఎగుమతి అమ్మకాన్ని ‘సవరించిన మొత్తం అమ్మకం’తో భాగిస్తారు. ఆ మొత్తంలోంచి దేశీయ మినహాయింపు అమ్మకాలను తీసేస్తారు కాబట్టి మీ విషయంలో 40 లక్షలను 40 లక్షలతో భాగించడమే. పూర్తి 2,37,000 వస్తుంది. చాలామంది లెక్కల్లో అడుగున 50 లక్షలు వేసి ఐదో వంతు పోగొట్టుకుంటున్నారు.

దరఖాస్తు ఆర్ఎఫ్‌డీ-01. పోర్టల్లో వేసిన తర్వాత 15 రోజుల్లో అందినట్టు ఆర్ఎఫ్‌డీ-02 గానీ, లోపాలు చూపుతూ ఆర్ఎఫ్‌డీ-03 గానీ వస్తుంది. అందిన తర్వాత 90 శాతం దాకా ముందుగా ఇవ్వొచ్చు, మిగతాది తుది ఉత్తర్వు ఆర్ఎఫ్‌డీ-06తో. 60 రోజులు దాటితే 6 శాతం వడ్డీ రావాలి. గడువు సరుకు దేశం దాటిన తేదీ నుంచి రెండేళ్లు. జీఎస్టీ లేని సరుకు ఎగుమతికి అండర్‌టేకింగ్ పత్రం (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి రాసిచ్చే హామీ) ఇవ్వమని పట్టుబట్టకూడదని శాఖే సర్క్యులర్లలో స్పష్టం చేసింది, అయినా అది ఉచితం, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. వేసి ఉంచితే అడిగినప్పుడు చూపొచ్చు.

తప్పు జరిగేది ఇక్కడ. నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బీలో ఎగుమతిని 3.1(బీ) వరసలో చూపాలి. ‘పండుకి పన్ను లేదు కదా’ అని 3.1(సీ)లో, అంటే మినహాయింపు అమ్మకాల్లో వేసేస్తారు. అలా వేస్తే అది దేశీయ అమ్మకంలా కనిపించి వాపసు ఆగిపోతుంది. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఎగుమతి పట్టికలో షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) నంబరు, తేదీ, పోర్టు కోడ్ ఉండాలి. ఇన్‌వాయిస్ నంబరులో ఒక గీత, ఒక సున్నా తేడా ఉన్నా కస్టమ్స్ రికార్డుతో కలవదు. రెండో తప్పు కిరాయి బిల్లు. కార్గో ఏజెంటు మీ సంస్థ పేరు రాసి జీఎస్టీ నంబరు వేయడం మరిచిపోతే అది మీ 2బీలోకి, అంటే మీరు కట్టిన పన్నును పోర్టల్ చూపే పట్టికలోకి, రాదు. 2బీలో లేని పన్ను వాపసు రాదు. ప్రతి నెలా 14వ తేదీ తర్వాత 2బీ తెరిచి, బిల్లులతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకోండి. కిరాయి బిల్లు ఒక్కటి తప్పినా నష్టం వేలల్లో కాదు, లక్షల్లోకి పోతుంది.

జీఎస్టీతో తీరని భారం ఇంకా కొంత ఉంది. లారీ డీజిల్ మీద వ్యాట్, కరెంటు సుంకం, మార్కెట్ ఫీజు. ఇలాంటివాటి కోసమే 2021 జనవరి 1న రోడ్‌టెప్ పథకం మొదలైంది. మీ సరుకు కోడ్‌కు (మామిడికి 0804తో మొదలవుతుంది) అనుబంధం 4ఆర్ పట్టికలో రేటు చూసుకోండి. షిప్పింగ్ బిల్లులో ఒక్కో సరుకు వరసలో రోడ్‌టెప్ కావాలని ప్రకటించాలి. క్లియరింగ్ ఏజెంటు ‘వద్దు’ అని వేసి బిల్లు దాఖలు చేశాక దాన్ని సరిచేయించడం తలకు మించిన పని. పెట్టెలు బయలుదేరేముందు చెక్‌లిస్ట్ మీ వాట్సాప్‌కి తెప్పించుకుని ఆ వరస మీ కంటితో చూడండి. వచ్చే మొత్తం నగదు కాదు, ఎలక్ట్రానిక్ స్క్రిప్. దిగుమతిదారులు కస్టమ్స్ సుంకం కట్టడానికి వాడుకుంటారు, మీరు వాళ్లకు అమ్ముకోవచ్చు.

ప్రశ్న: ఎగుమతిదారు మా దగ్గర కాయ కొంటూ ‘ట్రీట్‌మెంటు ఛార్జీ ప్రభుత్వానికి కట్టాలి’ అని కిలోకి కొంత తగ్గించాడు. నిజమేనా? (నూజివీడు)

జవాబు: అది పన్ను కాదు, ఖర్చు. కాయతో పాటు పండు ఈగ తమ దేశంలోకి రాకూడదని కొనే దేశం షరతు పెడుతుంది. అమెరికాకు గామా కిరణాల శుద్ధి, జపాన్‌కు ఆవిరి వేడి, యూరప్‌కు 48 డిగ్రీల వేడినీటిలో 60 నిమిషాలు. ఆ కేంద్రానికి రుసుం కట్టేది ఎగుమతిదారే. దాన్ని మీ ధరలో ముందే చెప్పి బేరమాడితే అది వ్యాపారం, కాయ తూచాక ప్రభుత్వం పేరు చెప్పి కోస్తే మీరు ఒప్పుకోనక్కర్లేదు. గల్ఫ్‌కి పోయే సరుకుకు కూడా ఈ ఛార్జీ వేశాడేమో ముఖ్యంగా అడగండి.

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం. కోతలన్నీ పోగా జీతం ఆదాయం 10 లక్షలు. నా పేరునున్న తోట మీద నికరంగా 5 లక్షలు వచ్చింది. 12 లక్షల లోపు పన్ను లేదు, వ్యవసాయానికి ఎలాగూ లేదు. రిటర్నులో తోట చూపకపోతే ఏమవుతుంది?

జవాబు: చూపకపోతే తప్పు లెక్క అవుతుంది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు, కానీ అది 5,000 దాటి, మిగతా ఆదాయం ప్రాథమిక పరిమితి దాటితే మీ పన్ను రేటు తేల్చడానికి దాన్ని కలుపుతారు. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పద్ధతి లెక్క ఇది. రెండూ కలిపి 15 లక్షల మీద పన్ను 1,05,000. వ్యవసాయ 5 లక్షలకు ప్రాథమిక పరిమితి 4 లక్షలు కలిపితే 9 లక్షలు, దాని మీద పన్ను 30,000. తేడా 75,000. మీ పన్ను ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేటు వస్తుంది, అయితే దాని గరిష్ఠం 60,000. మిగిలిన 15,000కు 4 శాతం సెస్ కలిపి 15,600 కట్టాలి.

రిటర్ను ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటితే భూమి విస్తీర్ణం, పిన్‌కోడ్, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్నవి కూడా అడుగుతారు. పెద్ద కొనుగోలుదారు ఒక ఏడాదిలో మీ ఒక్కరి దగ్గరే 50 లక్షలు మించి కొంటే పై మొత్తం మీద 0.1 శాతం కోసి కడతాడు. అలాంటి రైతులు రిటర్ను వేస్తేనే అది తిరిగొస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 5 శాతం, ఆ తేడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘం ఈ ఏడాది తోతాపురి కొని, మామిడి గుజ్జు తీయించి అమ్ముదామనుకుంటోంది. రైతులమే కదా, జీఎస్టీ ఉండదు కదా?

జవాబు: ఉంటుంది. జీఎస్టీలో వ్యవసాయదారు అంటే స్వయంగా సాగుచేసే వ్యక్తి లేదా ఉమ్మడి హిందూ కుటుంబం మాత్రమే. కంపెనీగా నమోదైన సంఘం అందులోకి రాదు. కాయ కొని కాయగా అమ్మినంతకాలం పన్ను లేదు, గుజ్జు అయ్యాక 5 శాతం. 2025 సెప్టెంబరు 22 దాకా ఇది 12 శాతం ఉండేది, పాత బిల్లుల నమూనా వాడుతుంటే మార్చుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకు రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలు. కానీ గుజ్జు తెలంగాణకో విదేశానికో పోతే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. 50,000 దాటిన బండికి ఈ-వే బిల్లు తీయాలి, తాజా కాయ బండికి అలవాటుపడిన డ్రైవర్లకు ఇది ముందే చెప్పండి. ఎగుమతి చేస్తే ఆర్ఎఫ్‌డీ-11లో అండర్‌టేకింగ్ ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా ఇవ్వాలి.

సభ్యుల దగ్గర కాయ కొన్నందుకు సంఘం పన్ను కట్టక్కర్లేదు. పొగాకు, పత్తి, జీడిగింజలకు ఉన్న రివర్స్ ఛార్జి (కొన్నవాడే పన్ను కట్టే పద్ధతి) పండ్లకు లేదు. డబ్బాలు, అసెప్టిక్ సంచుల మీద 18 శాతం కట్టి, గుజ్జు మీద 5 శాతం వసూలు చేస్తారు కాబట్టి క్రెడిట్ (ముందే కట్టిన పన్ను) పేరుకుపోతుంది. దాన్ని కూడా ఆర్ఎఫ్‌డీ-01లోనే, తలకిందుల పన్ను నిర్మాణం అన్న విభాగం కింద వాపసు అడగాలి. ఈ విభాగంలో కొన్న సరుకుల మీది పన్ను మాత్రమే లెక్కకొస్తుంది, సేవల మీద కట్టింది రాదు. అందుకని గుజ్జు తీసే ఫ్యాక్టరీతో ఒప్పందం రాసుకునేటప్పుడే డబ్బాలు ఎవరు కొంటారో తేల్చుకోండి. ఫ్యాక్టరీ కొని కూలిలో కలిపేస్తే ఆ పన్ను సేవగా మారి ఇరుక్కుంటుంది. సంఘం పేరున బిల్లు తీసుకుంటే తిరిగొస్తుంది.